పీకిన నాలుగు రోజులకే మళ్లీ తుంగ.. పెరటి తోటలో కలుపు వదలాలంటే ఏం చేయాలి?

మృగశిర కార్తె వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఇంటి వెనక ఉన్న వంద గజాల జాగాలో బెండ, గోరుచిక్కుడు గింజలు వేశారు. గోడ వారగా బీర పాదు, మూలన ఓ జామ మొక్క. పదిహేను రోజులకు చూస్తే బెండ మొలకల కంటే తుంగే ఎక్కువ కనిపిస్తోంది. ఆదివారం పొద్దున్నే కూర్చుని రెండు గంటలు వంగి పీకారు. నడుం పట్టేసింది కానీ, మడి అద్దంలా తయారైంది. గురువారానికల్లా మళ్లీ అవే పచ్చటి సూదులు!

పెరట్లోనో, మిద్దె మీదో కూరగాయలు పండించే ఇళ్లలో ఏటా ఇదే కథ. కొందరు రెండో ఏడుకే విసిగిపోయి, "మార్కెట్లో కొనుక్కోవడమే నయం" అని ఆ జాగాలో బండలు పరిపించేస్తారు. ఇంకొందరు షాపుకెళ్లి గడ్డిమందు తెచ్చి కొట్టేస్తారు. మొదటిది చేస్తే తోటే పోతుంది. రెండోది చేస్తే, పిల్లలకు మందుల్లేని కూర పెడదామని మొదలుపెట్టిన మడిలోకే మందు వచ్చి చేరుతుంది.

నిజానికి పీకేవాళ్ల కష్టంలో లోపం లేదు. ఏ కలుపు దేన్ని పట్టుకుని బతుకుతోందో చూసుకోకుండా అన్నింటినీ ఒకేలా పీకడం దగ్గరే దెబ్బ తగులుతోంది. ఒక కలుపు గడ్డతో బతుకుతుంది. ఇంకోటి కణుపుతో, మరోటి గింజతో. ఆ గుట్టు తెలిస్తే పని సగం తగ్గుతుంది.

తుంగ: ప్రాణమంతా మట్టి కిందే

తుంగను గుర్తుపట్టడం తేలిక. కాడను వేళ్ల మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డి జాతుల కాడ గుండ్రంగా ఉంటుంది. 1977లో లెరాయ్ హోమ్, ఆయన సహచరులు రాసిన ప్రపంచ కలుపు మొక్కల గ్రంథంలో ఈ తుంగదే మొదటి స్థానం. 90కి పైగా దేశాల్లో రైతులకు ఇది తలనొప్పి. మన ఆయుర్వేదంలో తుంగముస్తలుగా వాడేవి దీని గడ్డలే. ఆ గడ్డల్లోనే దీని బలమంతా ఉంది.

మట్టిలో ఈ గడ్డలు పూసలదండలాగా సన్నటి వేర్లలాంటి కాడలతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. పైన ఆకు వంటగది అయితే, కింద గడ్డ గాదె. ఆకు ఎండలో తయారుచేసిన ఆహారం కిందికి దిగి గడ్డలో నిల్వ అవుతుంది. చేత్తో లాగితే ఆకు తెగి వస్తుంది, గాదె మాత్రం నిండుగానే మిగిలిపోతుంది. నాలుగు రోజుల్లో మళ్లీ మొలిచేది అందుకే.

పారతో ఎడాపెడా నరికితే ఇంకా ఇబ్బంది. దండ కలిసి ఉన్నంతకాలం చివరి గడ్డ ముందు మొలుస్తూ మిగతావాటిని అణచి ఉంచుతుంది. దండను ముక్కలు చేస్తే నిద్రపోతున్న గడ్డలు కూడా విడివిడిగా మొలకెత్తుతాయి. తవ్వాక తుంగ రెట్టింపైందని చాలామంది అనేది ఊరికే కాదు.

మరి ఏం చేయాలి? మొలక బయటికి వచ్చాక మూడు, నాలుగు వారాల నుంచే కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. కాబట్టి రెండు వారాలు దాటనివ్వకుండా పైన కనిపించిన ప్రతి ఆకునూ తీసేస్తూ పోవాలి. వారానికోసారి తీస్తే ఇంకా మంచిది. ప్రతిసారీ మొలవడానికి గడ్డ తన నిల్వను ఖర్చు పెట్టుకుంటుంది. మళ్లీ నింపుకునే అవకాశం దొరక్కపోతే క్రమంగా నీరసించి చస్తుంది. ఒక్క నెలలో ఫలితం రాదు. ఒకటి రెండేళ్లు పట్టుదలగా చేస్తే మడిలో తుంగ బాగా పలచబడుతుంది. నెలకోసారి రెండు గంటలు పీకేకన్నా, వారానికోసారి పావుగంట తీయడమే మేలు అనేది ఇందుకే.

తుంగకు ఉన్న మరో బలహీనత నీడ. ఎండ తగ్గితే దీని జోరు తగ్గిపోతుంది. చిలగడదుంప తీగ, గుమ్మడి పాదు, బొబ్బర్లు నేలను త్వరగా కప్పేస్తాయి. తుంగ ఎక్కువగా ఉన్న మడిలో ఒక సీజన్ ఇలాంటి పాదులు పెడితే కూర దక్కుతుంది, తుంగ కూడా కుంగుతుంది.

గరిక: కణుపు మిగిలితే చాలు

వినాయక చవితికి పూజలో పెట్టే గరిక తోటలోకి వస్తే వదలదు. ఇది నేల మీద తీగలా పాకుతుంది, నేల లోపల కూడా కాడలు పంపుతుంది. ఆ కాడకు ఉన్న ప్రతి కణుపూ ఓ మొక్కే. కత్తిరించి మడిలో వదిలేసిన చిన్న ముక్క కూడా తడి తగిలితే బతికేస్తుంది.

అందుకే గరిక ఉన్నచోట కొడవలితో కోసి ఊరుకుంటే లాభం లేదు. మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు గునపంతో గుల్ల చేసి, కాడలను తెగకుండా పొడవుగా లాగాలి. తీసినవన్నీ బకెట్‌లో వేసుకోవాలి. మడి గట్టు మీద పారేయకూడదు. ఎండాకాలంలో అయితే మట్టిని పెళ్లగించి, గరిక కాడలను, తుంగ గడ్డలను పైకి తెచ్చి సిమెంటు నేల మీద రోజుల తరబడి మాడనివ్వాలి. గడ్డను కోసి చూస్తే లోపల తడి లేకుండా ఎండిపోయి ఉండాలి. అప్పటిదాకా వాటిని కంపోస్టు గుంతలో వేస్తే, వచ్చే ఏడు మనమే ఎరువుతో పాటు తోటంతా చల్లినట్టవుతుంది.

వయ్యారిభామ: పూతకు ముందే తీసేయాలి

ఖాళీ ప్లాట్ పక్కనే ఇల్లు ఉన్నవాళ్లకు ఈ కలుపు బాగా తెలుసు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో గుర్తించారు. ఆ తర్వాత దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేల సంఖ్యలో గింజలు రాలుస్తుంది. దీన్ని ముట్టుకుంటే కొందరికి చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి. పుప్పొడి పీలిస్తే ఆయాసం, అలర్జీ ఎక్కువయ్యే వాళ్లూ ఉన్నారు.

వయ్యారిభామకు గడ్డలు ఉండవు. లేత దశలో వేరుతో సహా తేలిగ్గా ఊడి వస్తుంది. తెల్లటి పూత రాకముందే, వాన పడిన మర్నాడు పీకితే పని ఒక్కసారితో అయిపోతుంది. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మంచిది. పూత రాని మొక్కలను కంపోస్టులో వేసుకోవచ్చు. పూత వచ్చిందంటే మాత్రం వేయకూడదు.

ఈ మొక్కను తినే మెక్సికన్ పెంకు పురుగును 1984లో బెంగళూరు నుంచి మన దేశంలో వదిలారు. వానాకాలంలో వయ్యారిభామ ఆకులు చిల్లులు పడి ఉంటే ఆ పురుగు పనే అయి ఉండొచ్చు. దాన్ని చంపకుండా వదిలేయాలి. జబల్‌పుర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీనిపై అవగాహన వారం కూడా జరుపుతారు. ఖాళీ ప్లాట్లున్న కాలనీల్లో ఒక్క ఇంటివాళ్లు పీకితే సరిపోదు. వీధి వీధంతా కదిలితేనే గింజ రాకుండా ఉంటుంది.

కుండీల్లో కనిపించే గింజ కలుపు

మిద్దె తోటల్లో పులిచింత, నేల ఉసిరి, గంగవాయిలి ఎక్కువ. పులిచింత కాయ ముదిరితే చిట్లి, గింజలు పక్క కుండీల్లోకి ఎగిరి పడతాయి. నేల ఉసిరికి ఆకు కిందే వరసగా కాయలుంటాయి. చూసేలోపే రాలిపోతాయి. గంగవాయిలి ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు ఇవ్వగలదు. అవి ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉన్నా మొలిచే శక్తి పోదు. పైగా దీని కాడ కండగా ఉంటుంది. పీకి మట్టి మీదే వదిలేస్తే మళ్లీ వేరు పోసుకుంటుంది.

వీటి విషయంలో సూత్రం ఒక్కటే. కాయ కట్టకముందే తీసేయాలి. టైమ్ లేనప్పుడు కనీసం పూత, కాయ ఉన్న కొసలనైనా తుంచేయాలి.

అసలు కలుపు ఎక్కణ్నుంచి వస్తోంది?

మూడో అంతస్తు మిద్దె మీదికి తుంగ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోతుంటారు. సాధారణంగా అది మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, మట్టి. చెరువు మట్టి, ఎర్రమట్టి ట్రాక్టర్‌లో తుంగ గడ్డలు ఉండొచ్చు. కుండీలు నింపే ముందు మట్టిని జల్లెడ పట్టాలి. నల్లటి, గట్టి గడ్డలు కనిపిస్తే ఏరేయాలి.

రెండు, పశువుల ఎరువు. గేదెలు, ఆవులు మేసిన గడ్డి గింజల్లో కొన్ని అరగకుండానే బయటికొస్తాయి. పచ్చి పేడ వేస్తే కలుపు విత్తనాలు నాటినట్టే. కుప్పలో బాగా వేడెక్కి, తిరగేసి మాగబెట్టిన ఎరువులో చాలా గింజలు చచ్చిపోతాయి. వర్మీ కంపోస్టు తయారీలో అంత వేడి పుట్టదు. అందులోకి వెళ్లే చెత్తలో గింజలు లేకుండా చూసుకోవాలి.

మూడు, నర్సరీ మొక్క. జామ, నిమ్మ అంటు కొన్నప్పుడు కవర్‌లో మొదలు దగ్గర రెండు తుంగ పోచలున్నా పట్టించుకోం. నాటేముందు ఆ మట్టిని వేళ్లతో కదిపి గడ్డతో సహా తీసేస్తే, తర్వాత పడే కష్టం తప్పుతుంది.

విత్తనం వేయకముందే సగం పని

మన ఎండలు కలుపుకు పెద్ద శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా ఉన్న మడిని గుల్ల చేసి, నీళ్లు పెట్టి తడిపి, పైన పల్చటి పారదర్శక పాలిథిన్ షీట్ నేలకు అంటుకునేలా పరచాలి. అంచులన్నీ మట్టితో కప్పేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచితే పై పొర మట్టి 50 డిగ్రీల దాకా వేడెక్కి, చాలా రకాల కలుపు గింజలు, కొన్ని తెగుళ్ల శిలీంధ్రాలు చచ్చిపోతాయి.

నల్ల షీట్ కదా వేడెక్కేది అనే సందేహం చాలామందికి వస్తుంది. పారదర్శక షీట్ అయితే ఎండ నేరుగా మట్టికి తగిలి, వేడి లోపలే ఉండిపోతుంది. తుంగ విషయంలో ఇంకో తేడా కూడా ఉంది. నల్ల షీట్ కింద వెలుతురు అందని తుంగ మొలక సూదిలాగే పైకి పొడుచుకొచ్చి షీట్‌ను చీల్చేస్తుంది. పారదర్శక షీట్ కింద వెలుతురు తగిలి అక్కడే ఆకు విప్పుకుంటుంది. చాలా మొలకలు అక్కడే చిక్కుకుని మాడిపోతాయి. లోతులో ఉన్న గడ్డలన్నీ మాత్రం దీంతో చావవు. వాటికి వారం వారం తీయడమే మందు.

ఎండాకాలం దాటిపోయి ఉంటే రెండో దారి ఉంది. మడి సిద్ధం చేశాక వెంటనే గింజ వేయకూడదు. నీళ్లు పెట్టి పది, పదిహేను రోజులు ఆగాలి. పై పొరలోని కలుపు గింజలన్నీ మొలుస్తాయి. వాటిని పైపైన చెక్కేసి, అప్పుడు కూరగాయ విత్తనాలు వేసుకోవాలి. చెక్కేటప్పుడు లోతుగా తవ్వకూడదు. చాలా కలుపు గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి. లోతుగా తవ్వితే కిందున్న గింజలు పైకొచ్చి మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి నలభై రోజులే కీలకం

కూరగాయ మొక్కకు కలుపుతో పోటీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. విత్తిన లేదా నారు నాటిన మొదటి 30, 40 రోజులు కలుపు లేకుండా చూస్తే, ఆ తర్వాత టమాటా, వంకాయ, బెండ తమ నీడతో తామే చాలావరకు నెట్టుకొస్తాయి. ఈ రోజుల్లో కలుపును వదిలేస్తే తర్వాత ఎంత తీసినా పోయిన దిగుబడి పూర్తిగా తిరిగి రాదు. ఊరెళ్లే పనులుంటే ఈ నలభై రోజులు చూసుకుని పెట్టుకోవడం మంచిది.

గింజలు చల్లకుండా వరసల్లో వేస్తే ఏది మొలక, ఏది కలుపో తెలుస్తుంది. తోటకూర, పాలకూర మడుల్లో ఇది మరీ అవసరం. మడంతా నీళ్లు పారించే బదులు మొక్క మొదట్లోనే పోస్తే మధ్య ఖాళీలో కలుపు తగ్గుతుంది.

నారు నిలదొక్కుకున్నాక మొక్కల మధ్య వరిగడ్డి, ఎండాకులు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది మూడు, నాలుగు అంగుళాల మందాన పరచాలి. దాని కింద ఐదారు పొరల న్యూస్‌పేపర్ లేదా టేపులు తీసేసిన అట్టపెట్టెలు తడిపి వేస్తే గింజ కలుపు దాదాపు లేవదు. తేమ కూడా నిలుస్తుంది. వానాకాలంలో ఈ కప్పు కింద నత్తలు చేరతాయి. ఎర్ర నేలల్లో చెదలు పట్టే వీలుంది. వారానికోసారి ఎత్తి చూసుకోవాలి.

పండ్ల మొక్కల దగ్గర జాగ్రత్త

జామ, నిమ్మ, బొప్పాయి, దానిమ్మ, అరటి ఏది పెట్టినా, మొదటి రెండు మూడేళ్లు మొక్క చుట్టూ రెండు మూడు అడుగుల మేర గరిక, తుంగ లేకుండా ఉంచాలి. ముఖ్యంగా గరిక పెరిగితే లేత మొక్కకు అందాల్సిన నీళ్లు, ఎరువు అదే లాగేసుకుంటుంది. నిమ్మ ఏళ్లు గడిచినా ఎదగలేదంటే ఒకసారి మొదట్లో గరిక ఉందేమో చూడాలి.

అలాగని మొదట్లో పారతో లోతుగా కొట్టకూడదు. నిమ్మ, బొప్పాయి, అరటి వేర్లు చాలావరకు పైపైనే ఉంటాయి. వేరు తెగితే ఆ గాయం నుంచి కుళ్లు పట్టే ప్రమాదం ఉంది. చేత్తో పీకి, పైన ఎండుగడ్డి కప్పడమే మేలు. ఆ కప్పు కాండానికి తగలకుండా జానెడు దూరం వదలాలి. తగిలితే తేమకు బెరడు కుళ్లుతుంది.

గడ్డిమందు కొడితే పోదా?

విసుగొచ్చినప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఇదే. ఎక్కువగా వినిపించే పేరు గ్లైఫోసేట్. దీన్ని మన దేశంలో తేయాకు తోటలకు, పంట లేని స్థలాలకు మాత్రమే రిజిస్టర్ చేశారు. కూరగాయల మడికి కాదు. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ దీన్ని వాడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని, మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ వంటి నియంత్రణ సంస్థలు ఆ అంచనాతో ఏకీభవించలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, పెరటి తోటలో తేలిపోయే విషయం ఒకటుంది. ఇది ఆకు ద్వారా వేరు దాకా పాకే మందు. గాలికి నాలుగు తుంపరలు టమాటా మీద పడితే టమాటా కూడా పోతుంది.

పారాక్వాట్ విషయంలో ఇంకా భయపడాలి. పొరపాటున మింగితే దీనికి విరుగుడు లేదు. కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టే అలవాటు ఇళ్లలో ఉంది. పిల్లలున్న ఇంట్లో అంతకంటే ప్రమాదం మరొకటి ఉండదు.

ఉప్పునీళ్లు కొట్టమని వచ్చే వీడియోలతోనూ జాగ్రత్త. ఉప్పు కలుపును మాడుస్తుంది, మట్టినీ పాడుచేస్తుంది. ఆ తర్వాత ఆ మడిలో కూరగాయలే సరిగా రావు. వెనిగర్ ఆకును మాడుస్తుంది కానీ తుంగ గడ్డను ఏమీ చేయలేదు. మరిగే నీళ్లు బండల సందుల్లో మొలిచిన గడ్డికి పనికొస్తాయి. మడిలో పోస్తే వానపాములు చస్తాయి.

కలుపులో కూర కూడా ఉంది

పీకినదంతా పారేయాల్సిన పని లేదు. తెలంగాణలో గంగవాయిలి కూర పప్పులో వేసుకుంటే ఆ రుచే వేరు. ఇందులో చేపల్లాంటి వాటిలో పేరుపడ్డ ఒమేగా-3 రకం కొవ్వు ఆమ్లం ఆకులోనే దొరుకుతుంది. పొన్నగంటి, తుమ్మి, గలిజేరు కూడా అలా మడి గట్ల మీద పెరిగేవే. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇలా విత్తకుండా మొలిచే ఆకుకూరల గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. గంగవాయిలిలాగే నేల మీద పాకే నానబాలు జాతి మొక్కను తుంచితే తెల్లటి పాలు వస్తాయి. అది తినేది కాదు. గంగవాయిలి కాడ తుంచితే నీటి జిగురే తప్ప పాలు రావు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గంగవాయిలి తగ్గించుకోవాలి, అందులో ఆక్సలేట్లు ఎక్కువ. మురుగు కాలువ పక్కన, మందు కొట్టిన చోట మొలిచినవి ఎవరూ తినకూడదు.

వారానికి పావుగంట

మొత్తమ్మీద ఇంటి తోటలో కలుపు పనిని ఇలా పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో షీట్ పరచాలి. మృగశిరకు ఒక విడత కలుపును మొలవనిచ్చి చెక్కాలి. విత్తాక నలభై రోజులు కాపలా కాయాలి. ఆ తర్వాత వారంలో ఒక రోజు, నీళ్లు పోసే టైమ్‌లోనే పావుగంట తుంగ ఆకులు తీసేయాలి. ఇంట్లో ఇద్దరుంటే పది నిమిషాల్లో అయిపోతుంది.

ఫలానా కలుపు ఏంటో తెలియకపోతే ఫొటో తీసుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నంబర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు. మందు డబ్బా కొనడానికి వెళ్లేముందు ఆ ఒక్క ఫోన్ చేసి చూడటం మంచిది.